తియ్యగా ఉన్నాయి కదా, తాగేయొచ్చా?

మా ఇంటికి చుట్టాలొస్తే అమ్మ గ్లాసు చేతికిస్తూ "టిన్ను నీళ్లేనండీ, తాగండి" అంటుంది. ఆ మాట అనకపోతే గ్లాసు టీపాయ్ మీదే ఉండిపోతుంది. ఒకప్పుడు ఇత్తడి బిందెలో ముంచి మాట్లాడకుండా ఇచ్చిన మనిషే, ఇప్పుడు నీళ్లతో పాటు వాటి పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాల్సి వస్తోంది. గుంటూరు బ్రాడీపేటలో మా వదిన వాళ్లింట్లోనూ ఇదే వరస. పెళ్లి భోజనాల్లో అయితే విస్తరి పక్కన స్టీలు గ్లాసు కనపడి ఎన్నేళ్లయిందో. అరచేతిలో ఇమిడే చిన్న బాటిల్ పెట్టకపోతే పెళ్లివారు పిసినారులన్నట్టు చూస్తారు.

మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ ఊరి నడుమ నుంచే పోతాయి. కృష్ణ ఒడ్డున పుట్టి, కృష్ణ నీళ్లు తాగి పెరిగిన ఊరు పొద్దున్నే టిన్నుల ఆటో హారన్ కోసం ఎదురు చూస్తోందంటే అది ఫ్యాషన్ కోసం కాదు. భయం ఉంది, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. ఏ నీళ్లు మంచివో తేల్చడానికి మనం వాడుతున్న కొలబద్ద నాలుక. నాలుకకి తెలిసేది మాత్రం చాలా తక్కువ.

ఈ అలవాటు మన మాటల్లోనే ఉంది. తాగే నీళ్లని మనం 'మంచినీళ్లు' అంటాం. దానికి ఎదురు మాట చెడ్డనీళ్లు కాదు, ఉప్పునీళ్లు. ఊళ్లో మంచినీళ్ల బావి వేరు, ఉప్పునీళ్ల బావి వేరు. అంటే రుచితోనే మంచి చెడ్డ తేల్చేశాం. రుచి తర్వాత చూసేది తేట. కొత్త నీరు వచ్చి కృష్ణ ఎర్రబడితే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేవాళ్లు, లేదంటే పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పేవాళ్లు. మట్టి అడుక్కి దిగేది. విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్‌లోనైనా, గుంటూరుకి నీళ్లిచ్చే తక్కెళ్లపాడులోనైనా మొదట జరిగేది ఆ పటిక పనే, పెద్ద ఎత్తున. తర్వాత ఇసుక పొరల్లోంచి వడకట్టి, చివర క్లోరిన్ కలుపుతారు. ఆ చివరి మెట్టు బిందెలో లేదు. తేటగా, తియ్యగా ఉన్న నీళ్లతోనే ఒకప్పుడు కలరా ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టింది.

ఇక 'మినరల్ వాటర్' అనే మాట. ఇది మరీ తమాషా. నిజమైన మినరల్ వాటర్ అంటే భూమిలోంచి సహజంగా ఊరి, తనలోని ఖనిజాలు తనలోనే ఉండగా ఊట దగ్గరే సీసాల్లోకి ఎక్కేది. దానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 13428. బడ్డీ కొట్టులో కొనే బాటిల్ దాదాపు ఎప్పుడూ అది కాదు. బోరు నీళ్లనో, కుళాయి నీళ్లనో శుద్ధి చేసి నింపిన 'ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్' అది. దాని ప్రమాణం ఐఎస్ 14543. ఇంటికి వచ్చే ఇరవై లీటర్ల టిన్ను మాటకొస్తే అందులో ఉన్నది ఖనిజాలు తీసేసిన నీరు. తీసేసినదాని పేరే పెట్టి పిలుచుకుంటున్నాం. బిస్లరీ కూడా అంతే. ఇటలీ మూలాలున్న ఆ కంపెనీని 1969లో పార్లే వాళ్లు నాలుగు లక్షలకి కొన్నారు. ఇప్పుడు బస్టాండులో "ఒక బిస్లరీ ఇవ్వు" అంటే కొట్టువాడు చేతికందిన బాటిల్ ఏదైనా ఇస్తాడు, మనమూ పేరు చూడకుండానే మూత తిప్పుతాం.

కుళాయి మీద నమ్మకం ఎలా పోయిందో చెప్పాలంటే గుంటూరు ఆనందపేట గుర్తు చేసుకోవాలి. 2018 మార్చిలో ఆ చుట్టుపక్కల పేటల్లో వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రుల ముందు బారులు తీరారు. పది మందికి పైగా చనిపోయారు. తాగునీటి గొట్టాల్లోకి మురుగు చేరింది. 2024 మే నెలాఖరులో విజయవాడ మొగల్రాజపురంలోనూ అతిసారం ప్రబలింది. ఇలాంటి వార్త చదివాక కుళాయి కింద గ్లాసు పెట్టడానికి చెయ్యి రాదు. ఆ భయాన్ని మూఢనమ్మకం అనడానికి నాకు నోరు రాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. నీళ్లు సాధారణంగా హెడ్ వర్క్స్ దగ్గర పాడవ్వవు, దారిలో పాడవుతాయి. మన ఊళ్లలో కుళాయి రోజంతా రాదు. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. నీళ్లు వస్తున్నంతసేపూ గొట్టం లోపలి ఒత్తిడి బయటికి తోస్తుంది కాబట్టి పగులు ఉన్నా నీరు కారుతుందే తప్ప మురుగు లోపలికి రాదు. సరఫరా ఆగిన మరుక్షణం కథ తిరగబడుతుంది. ఖాళీ గొట్టం పీల్చడం మొదలెడుతుంది. పాత గొట్టం సైడు కాలువలోంచో, దాని పక్కనుంచో పోతూ ఉంటే ఆ పగుల్లోంచే మురుగు లోపలికి వస్తుంది. దీనికి తోడు మనం చేసే పని ఒకటుంది, కుళాయి గొట్టానికే మోటారు బిగించి లాగడం. కొండ మీది ఇళ్లకి నీళ్లెక్కవు, పక్కింటివాళ్లు లాగేస్తున్నారు, మనమూ లాగాలి. ఆ లాగుడుకి నీళ్లే కాదు, గొట్టం చుట్టూ ఉన్న బురద కూడా కదులుతుంది. మోటారు స్విచ్చు వేసిన చెయ్యే తర్వాత టిన్నుకి ఫోన్ చేస్తుంది.

సీసా నీళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్లకి డ్రోన్లతో, పడవలతో అందినవి ఆ బాటిళ్లే. చుట్టూ మెడలోతు నీళ్లు, తాగడానికి చుక్క లేదు. సంపులన్నీ మురుగుతో నిండిపోయాయి. ఆ వారం ఏ బ్రాండు, ఎంత టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) అని అడిగినవాళ్లు లేరు. గొట్టం మీద ఆధారపడకుండా, మూత వేసి సీలు చేసి వచ్చే నీరు ప్రాణం నిలబెట్టే సందర్భాలు ఉన్నాయి. కాకపోతే వరద వారంలో పనికొచ్చిన లెక్కని మిగతా ఏడాదంతా వాడటం వేరే సంగతి.

మాకు టిన్నులు వేసే ప్లాంటు రెండు వీధుల అవతల. ఓ రోజు ఖాళీ టిన్ను తీసుకుని నేనే వెళ్లాను. నడిపే కుర్రాడు విసుక్కోకుండా అంతా చూపించాడు. బోరు నీళ్లు ముందు ఇసుక ఫిల్టర్‌లోకి, తర్వాత కార్బన్ ఫిల్టర్‌లోకి, ఆపైన చిన్న క్యాట్రిడ్జిల్లోకి, అక్కడి నుంచి మోటారు ఒత్తిడితో మెంబ్రేన్ అనే సన్నటి వడపోత పొరలోకి వెళ్తాయి. ఆర్వో అంటే ఇదే. లవణాలన్నీ పట్టుకున్న నీరు ఓ గొట్టంలోంచి సైడు కాలువలోకి, తియ్యటి నీరు ఇంకో గొట్టంలోంచి స్టీలు ట్యాంకులోకి. చివర అతినీలలోహిత దీపం, ఓజోన్.

"టీడీఎస్ ఎంత పెడతావు?" అని అడిగాను.

"ముప్పై, నలభై సార్. యాభై దాటిందంటే వీధంతా ఫోన్లు. నీళ్లు మారాయేంటి, మెంబ్రేన్ మార్చలేదా అని."

ప్యాకేజ్డ్ నీళ్లకి నిబంధనలు చెప్పే టీడీఎస్ లీటరుకి 75 నుంచి 500 మిల్లీగ్రాములు. అంటే మరీ తక్కువ ఉన్నా తప్పే. ఆ కుర్రాడి ముప్పై మా వీధి నాలుక కోరుకున్న ముప్పై. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా మనకి తిండిలోంచి, పెరుగులోంచి, రాగుల్లోంచి అందుతాయి కాబట్టి దీనితో కొంపలు మునిగిపోతాయని అనను. అయితే తీపి కోసం నీళ్లలోంచి తీసేసింది ఇంకొకటి ఉంది, అసలు విషయం అదే.

క్లోరిన్. మెంబ్రేన్‌కి క్లోరిన్ పడదు, తగిలితే పాడవుతుంది. మున్సిపల్ నీళ్లు వాడే ప్లాంటైతే మెంబ్రేన్ కంటే ముందే కార్బన్ ఫిల్టర్ దాన్ని పూర్తిగా పీల్చేస్తుంది. బోరు నీళ్లలో అది మొదటి నుంచీ ఉండదు. కుళాయి నీళ్లకి ఉండే ఆ మందు వాసన, దేన్ని చూసి మనం ముక్కు మూసుకుంటామో, అదే వాటి కాపలాదారు. ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీటిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో ఎక్కడైనా కాస్త మురికి కలిస్తే ఎదుర్కోవడానికి. టిన్ను నీళ్లలో ఆ కాపలా లేదు. అతినీలలోహిత కాంతి దీపం కింద ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఓజోన్ గట్టిగానే చంపుతుంది గానీ కాసేపటికి మామూలు ఆక్సిజన్‌గా మారిపోతుంది. సీలు వేసిన కొత్త బాటిల్‌కి ఇది ఇబ్బంది కాదు, మూత తెరిచేదాకా లోపలికి వచ్చేదేమీ ఉండదు. టిన్ను సంగతి అలా కాదు. అది వందిళ్లు తిరిగింది. ఒకరింట్లో వంటగట్టు కింద, ఒకరి కొట్టు ముందు ఎండలో, మిర్చి యార్డులో బస్తాల పక్కన ధూళిలో. దాన్ని ఎలా కడిగారు, ఎవరు కడిగారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ప్లాంటులో కోటి రూపాయల యంత్రం ఉన్నా, టిన్నులో నాలుగు చెంబులు పోసి గిలకొట్టి పారబోసే పద్ధతైతే లాభం లేదు.

ఒకసారి మాకొచ్చిన టిన్ను మెడ లోపల పచ్చగా పాకుడు కనపడింది. అప్పటికి మేం తెప్పించుకుంటున్నది వేరే ప్లాంటు. ఫోన్ చేస్తే "వెంటనే మారుస్తాం సార్" అన్నారు, మార్చారు కూడా. కడిగే పద్ధతి మార్చారో లేదో నాకు తెలిసే దారి లేదు. మనం నమ్మేది పరీక్ష కాగితాన్ని కాదు, ఆటో కుర్రాడి మొహాన్ని. రెండేళ్లుగా వస్తున్నాడు, మంచివాడు, చిల్లర దగ్గర పేచీ పెట్టడు. అతని మంచితనానికీ టిన్ను అడుగున ఉన్నదానికీ సంబంధం లేదు.

టీడీఎస్ మీటరు సంగతి కూడా తేల్చేద్దాం. పెన్నులా ఉండే ఆ పరికరం నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతోందో చూసి లవణాల లెక్క చెబుతుంది. అంతే. మా కుళాయి నీళ్లకి 260 చూపించింది, టిన్నుకి 32. మరి ఏవి మంచివి? ఇంట్లో సరదాగా ఒక పని చేసి చూడండి. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల పంచదార కలిపి మీటరు పెడితే అంకె పెద్దగా కదలదు. చిటికెడు ఉప్పు వేస్తే ఒక్కసారిగా పైకి పోతుంది. పంచదార కరెంటుని మోయదు. బ్యాక్టీరియా, వైరస్, పురుగుమందు అవశేషాలు కూడా దాని కంటికి ఆనవు.

ఇంటింటికీ ఫిల్టర్లు అమ్మేవాళ్ల గారడీ మరొకటి. మా అపార్ట్‌మెంటులో ఒకాయన రెండు గ్లాసులు పెట్టి, ఇనుప కడ్డీ, అల్యూమినియం కడ్డీ ఉన్న పరికరాన్ని కరెంటుకి తగిలించాడు. కుళాయి నీళ్లు నిమిషంలో కాఫీ రంగుకి తిరిగి పైన మడ్డి తేలింది. ఫిల్టర్ నీళ్లు తేటగానే ఉన్నాయి. "మీరు తాగుతున్నది ఇదండీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచారు. ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీది. లవణాలున్న నీళ్లలో కరెంటు పారి ఇనుము తుప్పుగా కరుగుతుంది, లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు పారదు కాబట్టి కరగదు. శుభ్రమైన కొబ్బరినీళ్లు పోసినా ఆ గ్లాసు రంగు మారేది. ఆ రోజు మూడు ఫిల్టర్లు అమ్ముడుపోయాయి.

టీడీఎస్ 500 కన్నా తక్కువున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. నీళ్లు వృథా కావడం, ఖనిజాలు పోవడం రెండూ అందుకు కారణాలు. అలాగని ఆర్వోని అందరూ అటకెక్కించాలని కాదు. పల్నాడులో వినుకొండ, బొల్లాపల్లి వైపు, అటు కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు ఉంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ల మీద మచ్చలతో మొదలై ఎముకల దాకా పోతుంది. ఫ్లోరైడు మరిగిస్తే పోదు, పటికతో ఇంట్లో తేలిగ్గా తీసేదీ కాదు. అక్కడి మనిషికి ఆర్వో నీళ్లు విలాసం కాదు. 2014 అక్టోబరులో రెండు రూపాయలకి ఇరవై లీటర్లంటూ ఎన్టీఆర్ సుజల పథకం వచ్చినప్పుడు అలాంటి పల్లెల్లో దానికున్న అర్థం వేరు. కృష్ణ నీళ్లొచ్చే బెజవాడ వీధిలో, అదే యంత్రంతో ఉన్న ఖనిజాలు తీసేసుకుని తాగడం వేరు.

చట్టం విషయానికొస్తే, 2001 మార్చి 29 నుంచి ప్యాకేజ్డ్ నీళ్లకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేశారు. 2003లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ పేరున్న బ్రాండ్లలోనే పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. దేశమంతా గగ్గోలయ్యాక ఒక్కో పురుగుమందుకి లీటరుకి 0.0001 మిల్లీగ్రాముల పరిమితి పెట్టారు. 2024 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ ఐఎస్ఐ తప్పనిసరిని తీసేసింది. నవంబరు 29న అదే సంస్థ ఈ నీళ్లని ఎక్కువ ప్రమాదావకాశం ఉన్న ఆహార పదార్థాల జాబితాలో చేర్చి, ఏటా తనిఖీలు, బయటి సంస్థలతో ఆడిట్లు ఉండాలంది. ఒక చేత్తో సడలించి ఇంకో చేత్తో బిగించడమన్నమాట. బాటిల్ మీద ఇప్పుడు చూడాల్సింది 14 అంకెల లైసెన్సు నంబరు, నింపిన తేదీ, బ్యాచ్ నంబరు. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింది లైసెన్సు నంబరుని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. సీలు వేసి లేబులు అంటించిన బాటిల్‌కి ఇవన్నీ ఉంటాయి. మన టిన్నుకి? చాలా టిన్నుల మీద ఉండేది ప్లాంటు పేరు, ఫోన్ నంబరు, ఒక దేవుడి బొమ్మ. "మేం ప్యాక్ చేయట్లేదు, తెచ్చిన టిన్నులో నింపుతున్నాం" అనేది నడిపేవాళ్ల వాదన. మనం రోజూ తాగేది ఎక్కువగా ఆ రెండో రకమే, చట్టం చూపు ఎక్కువగా మొదటి రకం మీద.

ప్లాస్టిక్ గురించి భయాలు చాలా తిరుగుతున్నాయి. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికాలో అమ్మే మూడు బ్రాండ్ల సీసా నీళ్లని పరీక్షించి, లీటరుకి సగటున 2.4 లక్షల ప్లాస్టిక్ రేణువులున్నాయని లెక్కగట్టారు. అందులో తొంభై శాతం కంటికే కాదు, మామూలు మైక్రోస్కోపుకీ అందని నానో రేణువులు. నన్ను ఆపి చదివించింది ఇంకో వివరం. సీసా ప్లాస్టిక్ కన్నా పాలీఅమైడ్ రేణువులు ఎక్కువగా కనిపించాయి. అవి బహుశా నీళ్లని శుద్ధి చేసే ఫిల్టర్లలోంచే వచ్చి ఉంటాయని వాళ్ల అనుమానం. ఈ రేణువులు ఒంట్లో ఏం చేస్తాయో ఇంకా తేలలేదు. విరేచనాలు ఏం చేస్తాయో మాత్రం ఆనందపేటకి తెలుసు. భయాలకి కూడా వరస ఉండాలి కదా, నా వరసలో ముందుండేది క్రిమి.

ఇదంతా రాసే ముందు హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాలు నాలుగు తెప్పించాను. గ్రామాల్లో నీటి పరీక్షకి వాడేవే. నీళ్లు గీత దాకా పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. నల్లబడితే మలం తాలూకు బ్యాక్టీరియా ఉండొచ్చని అనుమానించాలి. కచ్చితమైన పరీక్ష కాదు, ఒక హెచ్చరిక. మన ఊరి ఎండకి దాన్ని వెచ్చగా ఉంచడానికి వేరే పరికరం కూడా అక్కర్లేదు. మొదటి సీసాలో పొద్దున్నే వచ్చిన కుళాయి నీళ్లు, రెండోదాంట్లో మా మేడ మీది ట్యాంకు నీళ్లు, మూడోదాంట్లో అప్పుడే మూత తీసిన టిన్ను నీళ్లు, నాలుగోదాంట్లో డిస్పెన్సర్ మీద నాలుగు రోజులుగా ఉన్న టిన్ను నీళ్లు, దాని కుళాయి తిప్పి పట్టినవి.

రెండో రోజుకి నల్లబడినవి రెండూ నాలుగూ. మున్సిపాలిటీ ఇచ్చినవి తేటగానే ఉన్నాయి, ప్లాంటు కుర్రాడు ఇచ్చినవీ తేటగానే ఉన్నాయి. ఒక్క ఇంట్లో ఒక్కసారి చేసిన నాలుగు సీసాల నుంచి ఊరికి సూత్రం చెప్పను. మా ఇంటి సంగతి మాత్రం తెలిసింది.

డిస్పెన్సర్ కుళాయి విప్పి చూస్తే లోపల వేలు పెట్టగానే జారింది. అమ్మ కూడా వంగి చూసింది. "మూడేళ్లుగా ఎవరూ విప్పలేదా దీన్ని?" అంది. ఎవరం విప్పలేదు. "బిందెనైతే రోజూ చింతపండు పెట్టి తోమేదాన్ని" అంటూ అటక మీద అది ఎక్కడుందో చూడమంది.